లోడు బండి బ్రేకు: ముందు ప్యాడ్లతో పాటు వెనుక డ్రమ్ములూ చూడాలి

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పికప్ డ్రైవర్లలో ఎక్కువ మంది చెప్పేది ఒకటే: "బ్రేకు కిందికి పోతుంది, రెండోసారి తొక్కితే గానీ పట్టట్లేదు." షెడ్డులో ముందు ప్యాడ్లు మార్చి, ఇంత బ్రేక్ ఆయిల్ పోసి పంపుతారు. పది పదిహేను రోజులకు బండి మళ్లీ అదే మాటతో వస్తుంది. ప్యాడ్లు కంటికి కనిపిస్తాయి, తొందరగా మారిపోతాయి. డ్రమ్ము విప్పాలంటే గంట పని, జంగు, సుత్తి దెబ్బలు. అందుకే వెనుక చక్రాల జోలికి ఎవరూ పోరు. కానీ లోడు బండిలో అసలు జబ్బు ఎక్కువసార్లు అక్కడే దాక్కుంటుంది.

బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్ లాంటి బండ్లన్నింటికీ ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉంటాయి. తొక్కితే డిస్కును రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కుతాయి. డ్రమ్ములో మాత్రం లోపలున్న వంపు షూలు తెరుచుకుని, వాటి మీది లైనర్ అనే రాపిడి పొర డ్రమ్ము గోడకు ఒరుస్తుంది. ఖాళీ బండి ఆపినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ పని చేస్తాయి. బస్తాలు వేశాక బరువు వెనుక ఇరుసు మీద పడుతుంది, అప్పుడు వెనుక డ్రమ్ములు తమ వాటా తాము మోయాలి. అవి మోయకపోతే ఆ భారం కూడా ముందు ప్యాడ్ల మీదే పడుతుంది. ఆ భారం ఎంతో లెక్క వేసి చూడండి. లోడుతో కలిపి 3 టన్నులున్న బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే దాన్ని ఒక్కసారి ఆపడానికి పుట్టే వేడితో దాదాపు లీటరున్నర నీళ్లు మరిగే దాకా వస్తాయి. బరువు 4 టన్నులైతే రెండు లీటర్ల దగ్గరికి పోతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది. ఆ వేడంతా డిస్కులు, డ్రమ్ములు మింగి గాలికి వదలాలి.

పెడల్ చెప్పే మాట

పానా పట్టే ముందు పెడల్‌తో మూడు పరీక్షలు చేయండి. అయిదు నిమిషాల పని.

మొదటిది బూస్టర్ పరీక్ష. బూస్టర్ అంటే వాక్యూమ్ (గాలి గుంజుడు) సాయంతో మన కాలి బలాన్ని పెంచే డబ్బా. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. ఆ గట్టి పెడల్ మీద కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్‌కు వాక్యూమ్ అందుతున్నట్టే. కదలకపోతే వాక్యూమ్ పైపు, దాని మధ్యలో ఉండే వన్‌వే వాల్వు, వాక్యూమ్ పంపు, చివరగా బూస్టర్, ఈ వరుసలో చూడండి. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు ఇంజన్‌లో మాదిరిగా మానిఫోల్డ్ దగ్గర సరిపడా వాక్యూమ్ పుట్టదు. అందుకే పంపు వేరుగా పెడతారు, చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనుకే బిగించి ఉంటుంది. పైపు చివర పగిలి, క్లిప్పు వదులై ఉండటం మామూలే. పది రూపాయల క్లిప్పు చూడకుండా బూస్టర్ మార్చేవాళ్లు ఉన్నారు.

రెండోది నిలకడ పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా పెడల్ మధ్యస్థంగా తొక్కి, ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా పాకుతూ కిందికి పోతుంటే ఎక్కడో ఆయిల్ బయటికి కారుతోంది, లేదంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగి ఆయిల్ వెనక్కి జారుతోంది. నాలుగు చక్రాల దగ్గర, పైపుల వెంట ఎక్కడా తడి లేకుండా, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గకుండా పెడల్ దిగుతుంటే అనుమానం నేరుగా మాస్టర్ సిలిండర్ మీదికే పోవాలి.

మూడోది పంపింగ్ పరీక్ష. ఒక్కసారి తొక్కితే పెడల్ బాగా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగితే, వెనుక షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువైనట్టు. మార్కెట్‌లో వినబడే ఫిర్యాదు ఇదే. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి ఉంది. ఈ రెంటినీ ఒకటిగా అనుకుని గాలి తీస్తూ కూర్చుంటే ఆయిల్ అయిపోతుంది గానీ పెడల్ పైకి రాదు.

డ్రమ్ము విప్పితే ఏం చూడాలి

బండిని గట్టి నేల మీద, వీలైతే సిమెంటు గచ్చు మీద నిలపండి. ముందు చక్రాలకు రెండు వైపులా ఓట (దొర్లకుండా అడ్డం పెట్టే చెక్క) పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసుకుని, తర్వాత జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి చేయి పెట్టొద్దు, ఇరుసు కింద ఇనుప స్టాండు ఉండాల్సిందే.

డ్రమ్ము రాకపోతే అంచు మీద సమ్మెటతో బాదకండి. పోత ఇనుము పగులుతుంది. చాలా డ్రమ్ములకు ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటికి సరిపోయే బోల్టులు రెండింటిని ఒకదాని తర్వాత ఒకటి అరచుట్టు చొప్పున బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. అయినా కదలకపోతే, లోపలి అంచు దగ్గర అరగకుండా మిగిలిన గట్టు షూలకు తగులుకుని ఉంటుంది. వెనుక ప్లేటులో రబ్బరు బిరడా తీసి, ఆ సందులోంచి స్క్రూడ్రైవర్‌తో, షూల సందు సరిచేసే అడ్జస్టర్ చక్రాన్ని వెనక్కి తిప్పి షూలను లోపలికి దించండి.

లోపల నల్లటి పొడి పేరుకుని ఉంటుంది. కంప్రెసర్ గాలి కొట్టడం మన షెడ్లలో మామూలు అలవాటు, అది మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. సబ్బునీళ్లు చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. బ్రేక్ క్లీనర్ ఉంటే మరీ మంచిది. డీజిల్‌తో మాత్రం కడగొద్దు, జిడ్డు పొర మిగులుతుంది.

ఇప్పుడు షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ దగ్గరికి రండి. రెండు చివర్లా ఉన్న రబ్బరు టోపీ అంచును గోటితో కొద్దిగా ఎత్తండి. లోపల పలుచటి తేమ కనిపిస్తే భయం లేదు. చుక్క జారితే మాత్రం ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. లోపలి గోడ నున్నగా ఉంటే కొత్త రబ్బర్ల కిట్టు వేయొచ్చు. తుప్పు గుంటలు చేతికి తగిలితే కొత్త రబ్బరు నెల కూడా నిలవదు, సిలిండర్ మొత్తం మార్చాలి. ఒక వైపు మారిస్తే రెండో వైపూ మార్చండి.

షూల మీద తడి ఉంటే అది ఏ ఆయిలో తేల్చుకోవాలి. పలుచగా, నీళ్లలా జారుతూ, కొంచెం పసుపు రంగులో ఉంటే బ్రేక్ ఆయిల్. చిక్కగా, నల్లగా, గంధకం వాసన కొడుతుంటే అది డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) నుంచి ఇరుసు వెంట వచ్చిన ఆయిల్, ఇరుసు సీలు పోయింది. ఇక్కడ ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. ఇరుసు గొట్టం పైన బ్రీదర్ అని చిన్న టోపీ ఉంటుంది. వరి పొలాల్లో, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల చుట్టూ బురదలో తిరిగే బండ్లకు అది మట్టితో మూసుకుపోతుంది. ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ను సీలు మీదికి నెడుతుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీలు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కారుతుంది. ఆయిల్ మట్టానికి మించి పోసినా ఇదే జరుగుతుంది.

ఆయిల్ తాగిన లైనర్లను పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వేయడం కొన్నిచోట్ల చూస్తాం. అది పనికిరాని పని. పైన కాలినా లోపల మిగిలిన జిడ్డు, బ్రేకు వేడెక్కగానే మళ్లీ ఊరి పైకి వస్తుంది. ఒక వైపు జారి, మరో వైపు పట్టి, తడి రోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది. రెండు వైపులా లైనర్లు మార్చడం తప్ప దారి లేదు.

లైనర్ మందం రివెట్లు ఉన్నదైతే రివెట్ తల పైన కనీసం 1 మి.మీ. ఉండాలి, అంటించినదైతే 2 మి.మీ. దగ్గరికి రాగానే మార్చేయండి. రివెట్ తల డ్రమ్మును గీరడం మొదలైతే లైనర్ ఖర్చుకు డ్రమ్ము ఖర్చు తోడవుతుంది. పాత షూలకే లైనర్ కొట్టిస్తుంటే దగ్గరుండి చూడండి: రివెట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు వెళ్లాలి. చివర్ల నుంచి కొడితే మధ్యలో లైనర్ ఉబ్బి, షూకూ దానికీ సందు మిగులుతుంది. నాలుగు షూలకూ ఒకే రకం లైనర్ వేయాలి.

డ్రమ్ము మీద నీలి మచ్చలుంటే విపరీతంగా కాలిందని అర్థం. వేలి గోటికి తగిలే పగులు ఉంటే పారేయండి. వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, గాడులు లేతు మీద పోతాయి. కానీ డ్రమ్ము మీద పోతలోనే రాసి ఉండే గరిష్ఠ వ్యాసం దాటకూడదు. ఒక వైపు కోయిస్తే రెండో వైపూ అదే కొలతకు కోయించాలి. స్ప్రింగులు నీలం తిరిగినా, చుట్లు విడినా మార్చండి.

విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఒక వైపు పూర్తయ్యే దాకా రెండో వైపు విప్పకండి. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండాలో అనుమానం వస్తే పక్క చక్రమే చూపిస్తుంది. అడ్జస్టర్లు మాత్రం ఎడమది కుడికి వేయొద్దు. మరలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి, మారిపోతే సందు తగ్గాల్సింది పెరుగుతుంది. షూ వెనుక ప్లేటుకు ఒరిసే చోట్ల, ఒక్కో షూకు మూడేసి, వేడి తట్టుకునే గ్రీజు పెసరగింజంత పెట్టండి. ఎక్కువైతే అది కరిగి లైనర్ మీదికి పోతుంది.

సందు సరిచేయడం, తర్వాతే హ్యాండ్ బ్రేకు

డ్రమ్ము వేశాక అడ్జస్టర్‌ను చక్రం చేతికి కదలనంత వరకు బిగించండి. పెడల్‌ను రెండు మూడు సార్లు తొక్కితే షూలు మధ్యకు సర్దుకుంటాయి. అప్పుడు చక్రం తిరుగుతూ, అక్కడక్కడ సన్నగా ఒరిసే చప్పుడు వినిపించే దాకా అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పండి. రెండు వైపులా చప్పుడు ఒకేలా ఉండాలి.

హ్యాండ్ బ్రేకు వైరు ముట్టుకునేది దీని తర్వాతే. షూలు అరిగి హ్యాండ్ బ్రేకు పైదాకా లేస్తుంటే, చాలామంది ముందు వైరు లాగి బిగిస్తారు. అప్పటికి హ్యాండ్ బ్రేకు గట్టిగానే పడుతుంది. కానీ లోపల లివర్ ఎప్పుడూ కొంత లాగి ఉండటంతో సందును తానే తగ్గించుకునే సెల్ఫ్ అడ్జస్టర్ పని చేయదు, కాలి బ్రేకు మరింత కిందికి పోతుంది. వైరును పూర్తిగా వదులు చేసి, షూల సందు సరిచేసి, ఆపై వైరును మాన్యువల్‌లో చెప్పినన్ని క్లిక్కులకు పట్టేలా బిగించండి. హ్యాండ్ బ్రేకు దించాక చక్రం స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో చివరగా మళ్లీ చూడాలి.

లోడు వాల్వు: కమాన్ పట్టీ వేసేవాళ్లు తప్పక చదవాల్సింది

చాలా పికప్‌లలో వెనుక ఇరుసు పైన ఛాసిస్‌కు ఒక వాల్వు బిగించి, దాని నుంచి ఇరుసుకు ఒక రాడ్డు లేదా స్ప్రింగు కలిపి ఉంటుంది. కాగితాల్లో దాని పేరు ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వ్), షెడ్డులో లోడు వాల్వు. బండి ఖాళీగా ఉంటే ఛాసిస్ పైకి లేచి ఉంటుంది. అప్పుడు వాల్వు వెనుక చక్రాలకు ఒత్తిడి తగ్గిస్తుంది, లేకపోతే ఖాళీ బండి వెనుక చక్రాలు జామై జారిపోతాయి. బస్తాలు వేయగానే ఛాసిస్ కిందికి దిగి, రాడ్డు కదిలి, వాల్వు వెనుక చక్రాలకు ఒత్తిడి పూర్తిగా పోనిస్తుంది. అంటే ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఉన్న ఎత్తును బట్టే వాల్వుకు లోడు తెలుస్తుంది. బరువు తూచే యంత్రం దాంట్లో ఏమీ లేదు.

ఎక్కువ లోడు వేయాలని కమాన్ కట్టకు (ఇరుసు దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) అదనపు పట్టీలు వేయించారనుకోండి. ఇప్పుడు రెండు టన్నులు వేసినా బండి కుంగదు. చూడటానికి బాగుంటుంది. కానీ వాల్వు మాత్రం బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. వెనుక బ్రేకులకు ఒత్తిడి రాదు, బరువంతా ముందు ప్యాడ్లే ఆపాలి. ముందు ప్యాడ్లు తొందరగా అరగడం, డిస్కు నీలం తిరగడం, పెడల్ ఎంత తొక్కినా బండి జారుకుంటూ పోవడం, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. నెలకో జత ప్యాడ్లు మార్చే బండి కనిపిస్తే ముందు కమాన్ పట్టీలు లెక్కపెట్టండి.

దీనికి విరుగుడుగా వాల్వు రాడ్డును బైండింగ్ వైరుతో ఎప్పుడూ లోడులో ఉన్నట్టు కట్టేసేవాళ్లున్నారు. లోడుతో పోయేటప్పుడు ఆగుతుంది, నిజమే. అదే బండి సరుకు దింపి వానలో ఖాళీగా తిరిగొస్తూ గట్టిగా బ్రేకు కొడితే వెనుక భాగం ముందుకు తిరిగి వస్తుంది. అలా కట్టకండి, కట్టి ఉంటే విప్పించండి. రాడ్డు ఊడిపోయిందా, బుష్ అరిగిందా, మట్టి గడ్డకట్టి వాల్వు లివర్ కదలకుండా ఉందా అని నెలకోసారి బండి కింద చూడండి. నీళ్లు కొట్టి మట్టి కడిగి, లివర్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడించండి. సెట్టింగు మార్చడం మాత్రం ప్రెజర్ గేజీలున్న చోటే చేయించాలి. కంటి అంచనాతో అది కుదరదు. అదనపు పట్టీలు వేసిన ప్రతిసారీ వాల్వు సెట్టింగు మళ్లీ చూడాల్సిందేనని గుర్తుంచుకోండి. అసలు అనుమతికి మించి లోడు వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా 2019 నుంచి ఉంది. బ్రేకుల మీద పడే భారం ఆ లెక్కలోకి రాదు.

వెనుక బ్రేకు పని చేస్తోందా లేదా అన్నది లోడుతో పది కిలోమీటర్లు నడిపి ఆగాక కూడా తెలుస్తుంది. చేత్తో ముట్టుకోకుండా, కొంచెం దూరంలో అరచేయి పెట్టి చూడండి. ముందు చక్రాల దగ్గర సెగ కొడుతూ వెనుక డ్రమ్ములు గోరువెచ్చగా ఉంటే వెనుక వాటా అందట్లేదు. నాలుగింటిలో ఒక్కటే సెగ కొడుతుంటే అది పట్టేసుకుని ఉంది.

ముందు చక్రాలు

ఇక్కడ పని తేలిక. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ కిటికీలోంచి ప్యాడ్ మందం కనిపిస్తుంది, 3 మి.మీ. ఉంటే మార్చే సమయం వచ్చినట్టు. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ అరిగి బయటిది మందంగా ఉంటే కొత్త ప్యాడ్లు వేసి ఊరుకోకండి, క్యాలిపర్ జారే పిన్నులు జంగుపట్టాయి. వాటిని తీసి శుభ్రం చేసి బ్రేకులకే తయారు చేసిన సిలికాన్ గ్రీజు రాయండి. బేరింగు గ్రీజు రాస్తే రబ్బరు టోపీలు ఉబ్బి పిన్నులు మరింత పట్టేస్తాయి. క్యాలిపర్ విప్పినప్పుడు హోస్ పైపు మీద వేలాడదీయొద్దు, ఇనుప తీగతో పైకి కట్టండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బా పొంగుతుంది, ముందే కొంచెం ఆయిల్ తీసుకోండి. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, పెయింటు లేస్తుంది.

బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతుంటే డిస్కు వంకర పోయిందంటారు. చాలాసార్లు డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద పేరుకున్న తుప్పే కారణం. డిస్కు తీసి హబ్బును వైరు బ్రష్‌తో మెరిసే దాకా గీకి బిగించి చూడండి. గాలి గన్నుతో నట్లను ఇష్టమొచ్చినట్టు బిగించినా ఇదే వణుకు వస్తుంది. డిస్కు మీద కనీస మందం రాసి ఉంటుంది, దానికంటే తగ్గినది లేతుకు పంపొద్దు, మార్చాలి.

కొత్త ప్యాడ్లు, లైనర్లు మొదటి 200 కిలోమీటర్ల దాకా గట్టిగా పట్టవు. ఆ దూరం మెల్లగా, బ్రేకు కాస్త ముందుగానే తొక్కుతూ, ఖాళీ బండితో నడపాలి. ప్యాడ్లు వేయించుకుని అదే సాయంత్రం లోడుతో ఘాట్ ఎక్కొద్దు.

ఆయిల్, గాలి తీయడం

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆయిల్ రకాన్ని డాట్ అంకెతో చెబుతారు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీలకు మరుగుతాయి. తేమ పీల్చాక ఆ ప్రమాణం 140కి, 155కి పడిపోతుంది. ఘాట్‌లో వీల్ సిలిండర్ అంతకంటే వేడెక్కితే లోపల ఆయిల్ మరిగి ఆవిరి బుడగలవుతుంది, పెడల్ నేల దాకా పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 5 సిలికాన్ రకం, దీంతో కలవదు. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క గరిటె పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. మాస్టర్ సిలిండర్ నుంచి హోస్ పైపుల దాకా మార్చాల్సి వస్తుంది. డబ్బా మూత తీసి చూడండి: మూత కింది రబ్బరు ఉబ్బి ఆకారం మారి ఉంటే ఎవరో తప్పు ఆయిల్ పోశారు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. లీటరు ఆయిల్, పారదర్శక గొట్టం, సగం ఆయిల్ ఉన్న సీసా సిద్ధం చేసుకోండి. మాస్టర్ సిలిండర్ కుడి వైపు ఉంటుంది కాబట్టి మామూలుగా వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుసలో వెళ్లాలి. మీ బండి మాన్యువల్ వేరే చెబితే దాన్నే పాటించండి. చక్రం బ్రేకు వెనుక ఉండే నిపుల్‌కు (గాలి తీసే చిన్న మర) గొట్టం తగిలించి, కొనను సీసాలోని ఆయిల్‌లో ముంచండి. కింద ఉన్నతను "తొక్కన్నా" అంటే పైనున్నతను మెల్లగా తొక్కి పట్టుకోవాలి. నిపుల్ పావుచుట్టు వదులు చేయగానే పెడల్ దిగుతుంది, అయినా కాలు తీయకూడదు. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. బుడగలు ఆగి కొత్త ఆయిల్ రంగు కనిపించే దాకా చేస్తూ, నాలుగైదు తొక్కులకోసారి డబ్బా నింపుతుండండి. డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికే.

రెండు జాగ్రత్తలు. లోడు వాల్వు ఉన్న బండిని ఛాసిస్ మీద ఎత్తి వెనుక చక్రాలు వేలాడుతుండగా గాలి తీస్తే, వాల్వు వెనుక చక్రాలకు పోయే దారిని బిగించి ఉంచుతుంది. ఆయిల్ సరిగా రాదు, గాలి మిగిలిపోతుంది. చక్రాలు నేల మీద ఉండగా, లేదంటే ఇరుసు కింద స్టాండు పెట్టి పని చేయండి. రెండోది, పాత మాస్టర్ సిలిండర్ ఉంటే పెడల్‌ను అడుగుదాకా తొక్కొద్దు. రోజూ వాడని ఆ భాగంలో తుప్పు ఉంటుంది, రబ్బరు అక్కడికి పోతే కోసుకుపోతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. ఎంతోమంది గాలి తీసిన తెల్లారే "మాస్టర్ సిలిండర్ పోయింది" అనడానికి కారణం ఇదే.

చక్రం పట్టేసినప్పుడు

పెడల్ వదిలినా ఒక చక్రం తిరగకపోతే, ఎత్తి నిపుల్ వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే ఒత్తిడి వెనక్కి పోలేకపోతోంది: హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయింది. పైకి బాగానే కనిపిస్తుంది, అయినా మార్చాలి. నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే తప్పు అక్కడే, క్యాలిపర్ పిస్టనో పిన్నులో షూ స్ప్రింగో చూడండి. నాలుగూ పట్టేస్తుంటే మాస్టర్ సిలిండర్ దగ్గర పుష్ రాడ్డుకు కొంచెం కూడా ఆట లేదేమో కొలవాలి.

బండి ఒక వైపు గుంజితే, పట్టే వైపుకే గుంజుతుంది. కుడికి గుంజితే ఎడమది పట్టట్లేదేమో ముందు చూడండి, కుడి బ్రేకుతో గొడవ పడకండి. టైర్లలో గాలి కూడా ఒకసారి కొలవండి.

వాగులు, ఘాట్లు

మేడారం జాతరప్పుడు జంపన్న వాగు దగ్గర, వానాకాలం లోలెవెల్ వంతెనల మీద, డ్రమ్ములు నీటిలో మునుగుతాయి. బయటికి రాగానే మెల్లగా నడుపుతూ పెడల్ మీద తేలిగ్గా కాలు ఉంచి అరకిలోమీటరు పోతే లైనర్లు ఆరతాయి. బురద నీరైతే ఆ వారంలో డ్రమ్ము విప్పి కడగడం మంచిది, ఇసుక లోపలే ఉండి గీరుతుంది.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ లాంటి చోట లోడుతో దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు వేస్తారో అదే గేరులో దిగండి. పెడల్ మీద కాలు అదే పనిగా ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించి వదిలేయండి. అప్పుడు డ్రమ్ముకు ఆరే సమయం దొరుకుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం, ఇంజన్ ఆపడం ఎప్పుడూ చేయొద్దు. ఇంజన్ ఆగితే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. కాలిన వాసన వస్తే వీలైన చోట పక్కకు ఆపి, గాలికి ఆరనివ్వండి. నీళ్లు పోస్తే డ్రమ్ము పగులుతుంది. ఆపినప్పుడు చక్రాలకు రాయి పెడతారు కదా, కదిలేటప్పుడు ఆ రాయి రోడ్డు మీద వదిలేయకుండా తీసి పక్కన పడేయండి.

దిగుతుండగా పెడల్ నేలకు పోతే వరుసగా తొక్కుతూ ఉండండి. మాస్టర్ సిలిండర్‌లో రెండు దారులు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది కొంత పట్టే అవకాశం ఉంది. గేరు ఒక్కొక్కటే దించుతూ, హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనుక జారుతుంది.

పనంతా అయ్యాక ఖాళీ స్థలంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి బ్రేకు కొట్టి చూడండి, తర్వాత 40కి వెళ్లండి. బండి నేరుగా ఆగాలి, పెడల్ మొదటి తొక్కులోనే పైన ఆగాలి, డబ్బాలో ఆయిల్ గీతల మధ్యే ఉండాలి. చక్రం విప్పిన ప్రతిసారీ వీల్ నట్లను ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి.